గీత దాకా నీళ్ళు

కృష్ణమోహన్ డాక్టర్ అక్వేరియంలో చెయ్యి పెట్టేముందు మోచేతుల దాకా కడుక్కున్నాడు. సబ్బు రాయలేదు. సబ్బు వాసన తగిలినా లోపలి పగడాలు ముడుచుకుంటాయట. ఉత్త నీళ్ళతోనే ఒకటికి రెండుసార్లు కడిగి, గాలికి ఆరనిచ్చి, అప్పుడు గాజుతొట్టిలోకి చెయ్యి దించాడు. ఓ పక్కకు ఒరిగిన పగడాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పసిపిల్ల తల సర్దినంత మెల్లగా నిలబెట్టాడు.

యాదలక్ష్మి ఆ చేతుల వంకే చూస్తోంది. నిన్న ఇవే చేతులు ఆమె తల్లి టిఫిన్ డబ్బా మూత తీశాయి.

ఆ డెంటల్ క్లినిక్‌లో యాదలక్ష్మి రిసెప్షన్‌లో కూర్చుంటుంది. తల్లి దుర్గమ్మ అక్కడే ఊడ్చి తుడుస్తుంది. నిన్న తూప్రాన్ నుంచి వచ్చిన ఒకావిడ పళ్ళ ఎక్స్‌రే కోసం మెడలో గొలుసు తీసింది. ఎక్స్‌రే అయ్యాక చూస్తే గొలుసు లేదు. మధ్యలో ఆ గదిలోకి తుడుపుకర్ర పట్టుకుని వెళ్ళింది దుర్గమ్మ ఒక్కతే. ఇంకేం కావాలి? హాలునిండా పేషెంట్లు చూస్తుండగా డాక్టర్ ఆమె సంచీ తెప్పించి బల్ల మీద బోర్లించాడు. కొంగు దులపమన్నాడు. చివరికి డబ్బా మూత తీసి, పక్కనున్న టీ చెంచాతో అన్నాన్ని అడుగుదాకా కెలికాడు. అప్పుడు మాత్రం చెయ్యి కడుక్కోవాలని గుర్తు రాలేదు మహానుభావుడికి. కాసేపటికి గొలుసు ఆవిడ మొగుడి చొక్కా జేబులోనే దొరికింది. తనే తీసిచ్చి మరిచిపోయిందట. హాలంతా నవ్వింది. డాక్టరూ నవ్వాడు.

"సరే, దొరికింది గదా. ఎవరి పని వాళ్ళు చూస్కోండ్రి," అన్నాడు.

దుర్గమ్మ డబ్బా మూత పెట్టుకుంది. ఆ అన్నం ముట్టకుండా ఇంటికి తెచ్చి, పక్కింటి బర్రెల కుడితిలో కలిపేసింది. రాత్రి కూడా ఏమీ తినలేదు.

"లక్ష్మీ, ఇంటున్నవా?" అన్నాడు డాక్టర్.

"ఇంటున్న సార్."

"అన్నిటికన్న ముఖ్యం గిది." ఆయన తొట్టి కింది చెక్క అలమారా తలుపు తీశాడు. లోపల అరలు అరలుగా ఇంకో చిన్న గాజుతొట్టి ఉంది. పై నీళ్ళు పైపులోంచి దాంట్లోకి దిగి, శుభ్రమై, చివరి అరలోంచి మోటారుతో మళ్ళీ పైకి ఎక్కుతాయి. ఆ చివరి అర గాజు మీద నల్ల టేపు ముక్క అడ్డంగా అంటించి ఉంది. "నీళ్ళు ఆవిరైతయి. ఉప్పు గాదు. నీళ్ళు తగ్గినకొద్ది ఉప్పు చిక్కగైతది. పైన తొట్టిల ఏం తెల్వది, ఎప్పటిలెక్కనే నిండుగ కనవడ్తది. తగ్గేది గీ అరలనే. రోజు గీ టేపు దాక ఫిల్టర్ నీళ్ళు పొయ్యాలె. ఉప్పునీళ్ళు వద్దు, నల్లా నీళ్ళు అసలే వద్దు. ఏసీ బంద్ ఉంటది గదా, గీ చిన్న ఫ్యానుతోటే సల్లగుంచాలె. ఫ్యానుకు నీళ్ళు జల్ది ఆవిరైతయి. ఒక దినం మరిచిపోతే ఏం గాదు. వరుసగ మరిచిపోతే మాత్రం ఖతం."

"ఏమైతది సార్?"

"ముందుగాల ముడుసుకుంటయి. తర్వాత సస్తయి. ఒక్కటి సచ్చిందంటే నీళ్ళు ఖరాబై మిగతాయి గూడ దాని ఎనుకనే పోతయి."

ఆ మాట యాదలక్ష్మికి చెవిలో తేనె పోసినట్టుంది.

సముద్రం మెదక్‌కు ఎంత దూరమో చాలామందికి తెలియదు కానీ, డాక్టర్ క్లినిక్‌లో సముద్రం ఉందని మాత్రం అందరికీ తెలుసు. పన్ను నొప్పి లేనివాళ్ళు కూడా పిల్లల్ని ఎత్తుకుని చూడ్డానికి వస్తారు. నారింజ ఒంటి మీద తెల్లపట్టీల చేపలు రెండు, మీసాల రొయ్య ఒకటి, నీలం లైటు కింద వేళ్ళు ఆడిస్తున్నట్టు కదిలే పగడాలు. శంకరంపేటలో ఎన్ని ఎకరాలున్నా డాక్టర్ వాటి గురించి చెప్పుకోడు. దీని గురించే చెప్పుకుంటాడు. ఎక్కడ కొడితే ఆయనకు తగులుతుందో యాదలక్ష్మికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"మధ్యాన్నం నువ్వు నీళ్ళు పోసేటప్పుడు నేను ఫోన్ల చూస్తుంట," అంటూ ఆయన గోడ మీది కెమెరా చూపించాడు. "ఆడికెల్లి మాట్లాడొచ్చు గూడ. ఏమన్న పరేషాన్ అయితే నాకు చెప్పు." భార్యాపిల్లలతో ఆయన కొడైకెనాల్ వెళుతున్నాడు. వచ్చే సోమవారం దాకా క్లినిక్ బంద్.

గుమ్మం దగ్గర దుర్గమ్మ గాజుతలుపు తుడుస్తోంది. ఆయన తడినేల మీద కాలు పడకుండా పెద్ద అంగ వేసి దాటాడు.

"దుర్గమ్మా, బంద్ ఉన్నన్ని దినాలు పొద్దుగాల వచ్చి కిటికీలు, కర్టెన్లు అన్ని కడుగు," అన్నాడు. ఆ ఒక్క మాటే. నిన్నటి గురించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సాయంత్రం ఇంట్లో దుర్గమ్మ బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. యాదలక్ష్మి ఆమె ఎదురుగా కూలబడింది.

"గా మనిషి తప్పయిందని ఒక్క మాటన్న అన్నడానే?"

"అనలే."

"నీకు కోపం రాదా? ఒళ్ళు మండదా?"

దుర్గమ్మ ఒక రాయి తీసి గుమ్మం బయటికి విసిరింది. "ఊకో బిడ్డా. బియ్యం ఏరనియ్యి."

తల్లి మెత్తదనం చూసి యాదలక్ష్మికి కోపం ఇంకా ఎక్కువైంది. సరే, నీకు చేతకాకపోతే నాకు చేతనవుతుంది అనుకుంది. చెయ్యాల్సింది మాత్రం ఏముంది? విషం కలపక్కర్లేదు, రాయి విసరక్కర్లేదు. నీళ్ళు పొయ్యకపోతే చాలు. ఎండలు, ఫ్యాను, ఉప్పు, మిగిలిన పనంతా అవే చూసుకుంటాయి. సార్ రాగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, రోజూ పోసిన సార్, మీరే చూసిండ్రు గదా అంటే సరిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె క్లినిక్ తెరిచి, లైట్లు వేసి, ప్లాస్టిక్ జగ్గు అందుకుంది. ఫిల్టర్ నీళ్ళ క్యాను దగ్గరికి వెళ్ళి, కెమెరాకు వీపు పెట్టి నిలబడి, జగ్గు నిండటానికి పట్టేంతసేపు ఆగింది. తర్వాత బరువు మోస్తున్నట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చి అలమారా ముందు గొంతుక్కూర్చుంది. ఖాళీ జగ్గును లోపలికి వంచింది. గబుక్కున వంచలేదు. నీళ్ళు నిదానంగా పడుతున్నట్టు వంచింది. ఆఖర్న మూతి దగ్గర చుక్కలు రాలడానికి రెండుసార్లు విదిలించింది కూడా. జోగిపేట నాటకాలవాళ్ళు కూడా అంత చక్కగా చేసి ఉండరు.

చేపలకు మేత మాత్రం సరిగ్గా వేసింది. అది కెమెరాలో కనిపిస్తుంది మరి. చిటికెడు మేతను గిన్నెలో నానబెట్టి, డ్రాపర్‌తో కొంచెం కొంచెంగా వదిలింది. చేపలు ఎగబడి తిన్నాయి. తినండ్రి, ఎన్ని దినాలు తింటరో తినండ్రి అనుకుంది.

ఫోన్ టింగుమంది. డాక్టర్ బొటనవేలు బొమ్మ పంపించాడు.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే యాదలక్ష్మికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. రాందాస్ చౌరస్తాలో ఆగి చెరుకురసం తాగింది. సార్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంది. తెల్లగా పాలిపోయిన పగడాలు, వెల్లకిలా తేలిన చేపలు, వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చున్న సార్. సరే, సచ్చినయి గదా, ఎవరి పని వాళ్ళు చూస్కోండ్రి సార్ అనాలనిపించింది. అనలేదు కానీ, అన్నంత తృప్తి కలిగింది.

మర్నాడు అలమారా తలుపు తీసి చూస్తే నీళ్ళు గీతకు కాస్త కిందనే ఉన్నాయి. తొందరేముంది అనుకుని మళ్ళీ ఖాళీ జగ్గు వంచింది. ఆ మర్నాడూ అక్కడే ఉన్నాయి. ఆమెకు విసుగు పుట్టింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే ఇక్కడ నీళ్ళు ఎందుకు తగ్గడం లేదు? ఎండకు కూడా డాక్టరంటే భయమా? చిన్న ఫ్యాను వేగం పెంచింది. అలమారా తలుపు బార్లా తెరిచిపెట్టి, పైన పెద్ద ఫ్యాను కూడా వేసి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం వస్తే తలుపు మూసి ఉంది. అమ్మ ఊడ్చేటప్పుడు మూసి ఉంటుందనుకుంది. నీళ్ళు మాత్రం గీత దగ్గరే ఉన్నాయి. ఉప్పు కొలిచే గొట్టం తీసి, దాని అద్దం మీద ఒక చుక్క వేసి, కిటికీ వైపు తిప్పి కన్ను పెట్టింది. లోపల నీలం, తెలుపు కలిసేచోట సార్ వెళ్ళేముందు చూపించిన అంకే ఉంది. ఇంత కూడా జరగలేదు. పగడాలు ముడుచుకోకపోగా ఒళ్ళు చేసినట్టు ఉబ్బి కూర్చున్నాయి. రొయ్య మీసాలు ఆడిస్తూ ఆమెనే చూసింది.

ఫోన్ టింగుమంది. "మస్తున్నయి లక్ష్మీ. నేనున్నప్పటికన్న మంచిగున్నయి," అని రాశాడు డాక్టర్.

ఆమెకు ఆ జగ్గుతోనే తొట్టి పగలగొట్టాలనిపించింది.

శనివారం పొద్దున యాదలక్ష్మి పొయ్యి మీద చాయ్ పెట్టగానే ఫోన్ మోగింది. డాక్టర్ గొంతు మామూలుగా లేదు.

"లక్ష్మీ, మీ అమ్మ ఏం జేస్తుందో తెలుసా? గా కింది డోర్ తీసి చెంబుతోటి ఏందో పోస్తుంది. పాత రికార్డింగులు గూడ తీసి చూసిన. రోజు ఇదే పని."

యాదలక్ష్మి స్టవ్ ఆపేసింది.

"మొన్నటిది మనసుల పెట్టుకున్నది. పగ పట్టింది. ఫినైల్ పోస్తుందో, బ్లీచింగ్ పోస్తుందో! నువ్వు జల్ది పో. ఆమెను తీస్కొచ్చి కెమెరా ముంగట నిలవెట్టు."

పగ పట్టింది. మాట సరైనదే పట్టుకున్నాడు, మనిషిని తప్పు పట్టుకున్నాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తింది యాదలక్ష్మి. దారి పొడుగునా ఒకటే ఆలోచన. అమ్మా, నువ్వు చేసిందేమిటే తల్లీ!

క్లినిక్ మెట్ల మీద దుర్గమ్మ ఉతికిన కర్టెన్లకు కొక్కేలు తగిలిస్తోంది. యాదలక్ష్మి ఆమెను పక్కకు, కెమెరాకు వినపడనంత దూరం లాగింది.

"నువ్వు గా తొట్టిల నీళ్ళు పోస్తున్నవా?"

"పోస్తున్న."

"ఎందుకే?"

"నువ్వు పోస్తలేవు గదా." దుర్గమ్మ కొక్కేల మీంచి తల ఎత్తలేదు. "రెండో దినం పొద్దుగాల జగ్గు చూసిన. లోపల ఎండి, దుమ్ము అట్లనే ఉంది. మోటరు గూడ గర్ర్ మని ఒర్రుతుంది. సమజైంది నాకు. టేపు దాక పొయ్యాలని సార్ నీకు చెప్తుంటే నేను తలుపు తుడుసుకుంట ఇన్న. క్యానులకెల్లి చెంబుతోటి పోసిన."

"నేను నీకోసమే చేసిన్నే!"

"నాకోసమా?" ఇప్పుడు తలెత్తింది. కళ్ళలో మెత్తదనం ఎక్కడా లేదు. "అవి సస్తే ఎవరి మీద పడ్తదో ఒక్కపారన్న సోంచాయించినవా? పొద్దుగాల ఆడ ఒక్కదాన్నే ఉండేది ఎవరు? మల్ల సంచి బోర్లేసేది ఎవరిది? నీకు కసి తీరుతది. నాకేమో ఇంకో పేరు పడ్తది."

ఇన్నాళ్ళూ తాను గురిపెట్టిన దెబ్బ ఎవరి నెత్తిన పడబోయిందో ఇప్పుడు తెలిసింది.

"ఇంకోటి ఇను," అంది దుర్గమ్మ. "అవి బతికుంటెనే ఆయనకు నాతోటి పని. సచ్చినంక నాతోటి ఏం పని? నాకు ఆయనతోటి ఒక మాట వసూలు చేసేది ఉన్నది."

"ఎవరున్నరు ఆడ?" లోపల్నుంచి డాక్టర్ గొంతు మోగింది. మనిషి లేని హాలులో గోడ మీంచి ఊడిపడ్డ ఆ గొంతుకు యాదలక్ష్మి ఉలిక్కిపడింది. "లోపలికి రాండ్రి ఇద్దరు."

ఇద్దరూ వెళ్ళి కెమెరా కింద నిలబడ్డారు.

"ఏం పోస్తున్నవ్ దుర్గమ్మా తొట్టిల?"

"మంచినీళ్ళు సార్."

"అబద్ధం చెప్పకు! నీళ్ళు పోసేది లక్ష్మి. రోజు నా కళ్ళతోటి చూస్తున్న. ఆమె పోసినంక మల్ల నువ్వు గూడ పోస్తే గీత దాటి పొంగి పారాలె. పారిందా? గది నీళ్ళు గాదు, ఇంకేందో." గొంతు తగ్గించాడు. "లక్ష్మీ, నువ్వు భయపడకు. నీ మీద నాకు నమ్మకముంది. నువ్వు చెప్పు. నీళ్ళు నువ్వే పోసినవ్ గదా?"

అవునంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, మంచిపేరు ఉంటుంది. సార్ స్వయంగా దారి వేసిపెట్టాడు. కాకపోతే ఆ దారి అమ్మ మీంచి పోతుంది. దుర్గమ్మ కూతురి వైపు చూడలేదు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

యాదలక్ష్మి జగ్గు తీసింది. కెమెరాకు ఎదురుగా ఎత్తిపట్టి బోర్లించింది.

"ఒక్క చుక్క గూడ పొయ్యలే సార్. రోజు ఖాళీ జగ్గే ఒంచిన. నీళ్ళు మా అమ్మ పోసింది."

గోడ మీది కెమెరాలోంచి, దూరంగా ఎవరో పిల్లలు కేరింతలు కొట్టడం వినిపించింది.

"ఎందుకు?" అన్నాడు డాక్టర్ చివరికి.

"మీరు మా అమ్మ అన్నంల చెంచ పెట్టి కెలికిండ్రు గదా. గందుకు."

డాక్టర్ గొంతు గట్టిపడింది. "తాళం పక్క మెడికల్ షాపుల ఇచ్చి ఇద్దరు ఎల్లిపోండ్రి."

"పోతం సార్," అంది దుర్గమ్మ తాపీగా. "మరి మీరు వచ్చేదాక నీళ్ళెవరు పోస్తరు? మెడికల్ షాపాయనకు టేపు సంగతి ఎరికేనా?"

డాక్టర్ నీళ్ళు నమిలాడు. "సరే... సరే దుర్గమ్మా. మొన్నటిది తప్పయింది. అయిపోయింది గదా. నువ్వే పొయ్యి."

"గిట్ల గాదు సార్." ఆమె గోడ మీది ఆ నల్ల కన్నులోకి సూటిగా చూసింది. "డబ్బ మూత మందిల తీసిండ్రు. మందిలనే అనుండ్రి. గప్పటిదాక మీ తొట్టికి నేను పూచి. దీనికేమన్న అయితే నన్నడుగుండ్రి."

ఆ మాట ఎంత మర్యాదగా ఉందో అంత బెదిరింపుగానూ ఉంది. గోడ మీది గొంతు ఇక తాళం మాట ఎత్తలేదు. దుర్గమ్మ క్యాను దగ్గరికి వెళ్ళి చెంబు నింపుకొచ్చి, తగ్గిన కాస్తా గీత దాకా పోసి, కొంగుతో గాజు అంచు తుడిచింది.

సోమవారం క్లినిక్ తెరిచేసరికి వారం రోజుల పన్నునొప్పులన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. కూర్చునే చోటు లేక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎల్దుర్తి నుంచి వచ్చిన ఓ పెద్దాయన వాచిన దవడకు తువ్వాలు చుట్టుకుని మూల కూర్చున్నాడు. యాదలక్ష్మి బల్ల దగ్గర పేర్లు రాసుకుంటోంది. ఇవాళ్టితో తన పని సరి అని ఆమెకు తెలుసు. అయినా ముఖం దించుకోలేదు.

డాక్టర్ వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా ముందు తొట్టి దగ్గరికే వెళ్ళాడు. వంగి చూశాడు. కింది తలుపు తీసి గీత చూశాడు. గొట్టంలో కన్ను పెట్టి ఉప్పు చూశాడు. చేపలు ఆయన వేలు వెంట గాజు పొడుగునా ఈదాయి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. లేచి తన గది వైపు తిరిగాడు.

గది గుమ్మానికి అడ్డంగా దుర్గమ్మ నిలబడి ఉంది, చేతిలో తుడుపుకర్రతో.

"బాగ చూస్కున్నవ్ దుర్గమ్మా," అన్నాడు.

"గా మాట గాదు సార్."

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. డాక్టర్ చుట్టూ చూశాడు. పక్కనుంచి తప్పుకుని పోదామంటే గుమ్మం చిన్నది. ఆమె మాత్రం నేల తుడవడానికి నిలబడ్డట్టే నిలబడి ఉంది, కదలడం లేదు.

"మొన్న నీ సంచి చూసుడు తప్పే," అన్నాడు నేల వైపు చూస్తూ. "నువ్వేం తియ్యలేదు. తప్పయింది."

"గా మూలకున్న పెద్దమనిషికి ఇనవడలే సార్."

డాక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వేం తియ్యలేదు దుర్గమ్మా! అందరి ముంగట నీ అన్నం డబ్బ తీసుడు నాదే తప్పు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూలనున్న పెద్దాయన తువ్వాలు కిందనుంచే తల ఊపాడు. యాదలక్ష్మి పెన్ను అలాగే పట్టుకుని ఉండిపోయింది. దుర్గమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. బకెట్ మీదికి వంగి గుడ్డ పిండుకోసాగింది.

డాక్టర్ లోపలికి వెళ్ళలేదు. ఎవరో ఒకరి మీద తీర్చుకోకపోతే ఆయనకు అడుగు పడేలా లేదు. బల్ల దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "లక్ష్మీ, రేపటి నుంచి నువ్వు పనికి రాకు."

దుర్గమ్మ వంగిన నడుము ఎత్తలేదు. గొంతు మాత్రం హాలంతా వినపడింది.

"ఎందుకు రావద్దో గది గూడ గిట్లనే అందరికి ఇనవడేటట్టు చెప్పుండ్రి సార్."

డాక్టర్ తల తిప్పి చూశాడు. హాలంతా ఆయన నోటివైపే చూస్తోంది. చెప్పాలంటే ఖాళీ జగ్గు గురించి చెప్పాలి. జగ్గు గురించి చెప్తే చెంచా గురించి, చెంచా గురించి చెప్తే అన్నం గురించి, మళ్ళీ మొదటినుంచీ చెప్పుకురావాలి, ఇంతమంది ముందు. గది వైపు తిరిగాడు.

"ఫస్ట్ ఎవరున్నరు?" అన్నాడు.

యాదలక్ష్మి లేచి నిలబడింది. "బిక్షపతి గారూ," అని మూలనున్న పెద్దాయన్ని పిలిచింది, "లోపలికి పోండ్రి."